కొలత అధికారి రాత్రి డ్యూటీ

గాలి సెకనుకి ఎనిమిది మీటర్లు వీచాలి.
ఏడైతే చెల్లదు, పదైనా చెల్లదు.
జట్లండ్ పడమటి అంచున
పచ్చిక మీద చెక్క పలక పరిచి
దాని మీద మైకు ఆనించి
కార్లో కూర్చుంటాను.
పదహారేళ్ళుగా నా ఉద్యోగం ఇదే:
గాలికి కాపు కాయడం,
వచ్చాక దాని చప్పుడుకి లెక్క కట్టడం.

ఊరి చివరి ఇంటి దగ్గర
ముప్పై తొమ్మిది డెసిబెల్స్ దాటకూడదు.
రాజధానిలో ఎవరో ఒక మధ్యాహ్నం
చల్లారిన కాఫీ పక్కన పెట్టుకుని
రాసి ఉంటారు ఆ అంకె.
నలభై ఎందుకు కాదని
నేనూ ఎవర్నీ అడగలేదు.

చివరి ఇల్లు గుడ్రున్‌ది.
మొదటి రాత్రి తలుపు సగమే తీసి
"మీరు కొలిచేది చప్పుడు,
నాకు పోయేది నిద్ర.
దానికి మీటరుందా మీ దగ్గర?" అంది.
నలభై రెండు వచ్చింది.
నివేదిక రాశాను.
రాత్రి పదకొండు దాటితే
ఆరు గాలిమరలూ నెమ్మదించాలని ఉత్తరువొచ్చింది.
నెమ్మదించిన మర అంటే
పుట్టకుండానే పోయిన కరెంటు.

వారం తిరక్కుండా ఫ్యాక్టరీ నుంచి సిసెల్ దిగింది,
రెక్కల ఇంజనీరు, బూట్ల నిండా బురద.
"భూమికి పట్టిన పొగ వదిలించే పనిలో మేముంటే
మూడు డెసిబెల్స్ పట్టుకుని
మీరు వేలాడుతున్నారు."
నిజమే.
వేలాడటానికే నాకు జీతం.

రెండు శీతాకాలాలు ఆమె జాడ లేదు.
మూడో వసంతంలో ట్రక్కు మీద
పొడవాటి ప్లాస్టిక్ పట్టీలొచ్చాయి.
తాళ్ళకి వేలాడుతూ ఇద్దరు కుర్రాళ్ళు
రెక్కల వెనక అంచుకి వాటిని అతికించారు.
రంపం పళ్ళు,
ఒక్కోటి అరచేయంత.
మొత్తంగా వచ్చి అరిచే గాలి
ఆ పళ్ళ సందున పీలికలై
గొంతు తగ్గించుకుని జారిపోయింది.

గుడ్రున్ వంటింట్లో రై రొట్టె కోసే కత్తి చూసి
సిసెల్‌కి ఆ ఊహ తట్టిందని
ఫ్యాక్టరీలో కథ చెప్పుకుంటారు.
నేను నమ్మను.
ఆమె నోట్‌బుక్ చూశాను:
గుడ్లగూబ ఈక బొమ్మ,
పేజీలకి పేజీలు కొట్టివేతలు,
ప్రతి పేజీ నెత్తిన ఎర్రసిరాతో
తిట్టు రాసుకున్నట్టు 39.

కోరలు లేని చట్టం అంటారు కదా.
ఈ చట్టానికి కోరలు
కాగితం మీద మొలవలేదు,
ఏభై మీటర్ల రెక్క అంచున మొలిచాయి.
అంకె లేని దేశాలకి కూడా
ఇప్పుడా పట్టీలు ఓడలెక్కి పోతున్నాయట.

ఇక్కడ ఆపితే నా ఉద్యోగానికి మర్యాద.
కానీ తోర్కిల్ ఉన్నాడు.

అతను గాలిపటంతో కరెంటు తీశాడు.
మంచమంత పటం పైకి లాగుతుంటే
కింద డ్రమ్ము తిరుగుతుంది, అంతే.
స్తంభం లేదు, రెక్కల్లేవు,
నా మైకుకి చిక్కేంత చప్పుడూ లేదు.
దరఖాస్తులో 'స్తంభం ఎత్తు' అని ఒక గడి ఉంది.
సున్నా రాశాడు.
అసంపూర్ణమని తిప్పి పంపాం.
'వర్తించదు' అని రాశాడు.
తిప్పి పంపాం.
మూడోసారి ఆ గడిలో ఇమిడేలా
చిన్న గాలిపటం బొమ్మ వేశాడు,
తోకతో సహా.
ఆ కవరు మీద పడ్డ ముద్ర నాదే.

పటం ఇప్పుడు అతని కొట్టంలో
బంగాళాదుంపల బస్తాల మీద కప్పి ఉంది.
మంచి గుడ్డ. తేమ పట్టదు.

ఆ అంకే, ఈ గడీ
ఒకే ప్రింటర్లోంచి వచ్చిన కాగితాలు.

కిందటి నెల ఖాళీ ఫారం అంచున
పెన్సిలుతో ఒక గడి గీసి
'స్తంభం లేనివి' అని రాసి పైకి పంపాను.
జవాబు రాలేదు.
పెన్సిలు రాతలు చెల్లవేమో.

ఈ రాత్రి గుడ్రున్ ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది.
మరలు వినపడటం మానేశాక
సముద్రం వినపడుతోందట.
"దాని మీద ఏ ఆఫీసుకి రాయాలి?" అంది.
నవ్వుతుందేమోనని చూశాను.
నవ్వలేదు.

మీటరు ఆరు చూపిస్తోంది.
ఎనిమిది కావాలి.
అద్దం దించుకుని కూర్చున్నాను.